టెనెసీ యుద్ధ విన్యాసాల నుంచి స్నేహితుడికి ఒక సైనికుడి ఉత్తరం, 1944

కంబర్లాండ్ ఒడ్డు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నుంచి లెబనాన్ అనే పట్టణానికి వెళ్లే దారిలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మొన్న శనివారం మా వీధి చివరి పాత ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టారు. పనికొచ్చే గిన్నెలేవైనా దొరుకుతాయేమోనని వెళ్లినవాడిని, కుట్టుమిషను సొరుగులో పడి ఉన్న ఒక ఉత్తరాన్ని రెండు డాలర్లిచ్చి కొనుక్కుని వచ్చాను. అది 1944 ఫిబ్రవరిలో పెన్సిలుతో రాసిన నాలుగు పేజీల ఉత్తరం. రాసినవాడు ఈ ప్రాంతంలోనే జరిగిన యుద్ధ విన్యాసాలలో పాల్గొన్న ఒక పదాతి సైనికుడు, అందుకున్నవాడు అతని ఊరి స్నేహితుడు. వారి మనవలు ఈ చుట్టుపక్కలే ఉండవచ్చు కనుక పేర్లు గానీ ఊరు గానీ రాయను. ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించడం కూడా మర్యాద కాదనిపించి, సారాంశం మాత్రం నా మాటల్లో చెబుతాను.

ఆదివారం మధ్యాహ్నం ఒక చిన్న ఊరి చర్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నానంటాడు. సోమవారం మొదలయ్యే ఉత్తుత్తి యుద్ధాన్ని వాళ్లు 'ప్రాబ్లం' అంటారట. అది గురువారానికో శుక్రవారానికో ముగిసేదాకా రాత్రిపూట నిప్పు రాజేయకూడదు, దీపం వెలిగించకూడదు. అందుకే అతని ఉత్తరాలన్నీ ఆదివారం రాసినవే. ప్రతి సైనికుడి మూటలోనూ సగం డేరా మాత్రమే ఉంటుంది. ఇంకొకడి సగంతో గుండీలు పెట్టి కలిపితేనే పూర్తి డేరా అవుతుంది కనుక, ఎవరితో పడకపోయినా ఆ రెండో సగం ఉన్నవాడితో మాత్రం పడి తీరాలని రాశాడు. వాన కురిసేటప్పుడు డేరా గుడ్డకు లోపలి నుంచి వేలు తగిలితే చాలు, సరిగ్గా ఆ చోటి నుంచే నీళ్లు కారడం మొదలవుతుందట. అతని జతగాడు నిద్రలో చేతులు చాపేవాడట.

మూడో పేజీ మొత్తం తాను 'చనిపోయిన' సంగతే. ఒక మంగళవారం ఉదయం కంచె దాటుతుండగా చేతికి పట్టీ కట్టుకున్న అంపైరు వచ్చి, ఎదుటి గట్టు మీది మెషీన్‌గన్ మీ ఏడుగురినీ కొట్టేసిందని తేల్చి, మెడలో చీటీలు కట్టించి పొమ్మన్నాడు. మోసుకుపోయేవాళ్లు వచ్చేదాకా వాళ్లు పక్కనే ఉన్న గడ్డివాములో పడి నిద్రపోయారు. క్రిస్మస్ తరువాత అంత మంచి నిద్ర పోలేదనీ, మరునాడు పొద్దున్నే బతికించి మళ్లీ నడిపించినందుకే ఏడుపొచ్చిందనీ రాశాడు.

నాలుగో పేజీ మొదట్లో ఒక్క వాక్యం ఉంది. రాత్రి కంబర్లాండ్ నది దాటుతుంటే తమ వెనక పడవ ఒడ్డుకు రాలేదని. ఆ వెంటనే ఒక రైతు భార్య పెట్టిన 'ఆపిల్ పై' అనే తీపి వంటకం గురించి తొమ్మిది పంక్తులు. చివరకు స్నేహితుణ్ణి, మళ్లీ వైద్య పరీక్షకు వెళ్లావా, ఈసారైనా చెవి సంగతి వదిలేశారా అని అడిగాడు.

నా సందేహం ఇది. గడ్డివాములో నిద్రకు ఒక పేజీ, మునిగిన పడవకు ఒక వాక్యం ఎందుకయ్యాయి? ఇతడు వేళాకోళం మనిషా, లేక ఇంకేమైనా ఉందా?

చరిత్ర మాస్టారు రాశారు:

ఉత్తరం సంగతికి వచ్చే ముందు ఆ చోటు గురించి కొంత చెప్పుకోవాలి. 1939లో అమెరికా సైన్యంలో ఉన్నది సుమారు 1 లక్షా 90 వేల మంది. 1940 సెప్టెంబర్‌లో నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చిన తరువాత దుకాణాల నుంచి, పొలాల నుంచి, కళాశాలల నుంచి లక్షల మంది కుర్రాళ్లు వచ్చి పడ్డారు. ఇంతమందిని ఏకకాలంలో నడిపించడం, తిండి పెట్టడం, నదులు దాటించడం అప్పటి అధికారులలో ఎవరికీ అలవాటు లేని పని. 1941 సెప్టెంబర్‌లో లూసియానాలో సుమారు 4 లక్షల మందిని ఎరుపు, నీలం సైన్యాలుగా విడగొట్టి తలపడనిచ్చారు. తగినన్ని ఆయుధాలు లేక లారీలకు 'ట్యాంకు' అని అట్ట కట్టి తిప్పారు, విమానాల నుంచి బాంబులకు బదులు పిండి సంచులు వేశారు. నీలం సైన్యపు ప్రధాన సిబ్బంది అధికారి అప్పటికి కర్నల్‌గా ఉన్న, తరువాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్. అక్కడ ఆయన పనితనం చూసే ఆ నెలాఖరుకు బ్రిగేడియర్ జనరల్‌ను చేశారు.

టెనెసీలో పెద్ద ఎత్తున విన్యాసాలు 1942 సెప్టెంబర్ నుంచి 1944 మార్చి దాకా విడతలు విడతలుగా నడిచాయి. సెకండ్ ఆర్మీ వారి విన్యాసాల కార్యాలయం లెబనాన్‌లోని కంబర్లాండ్ విశ్వవిద్యాలయంలో ఉండేది. మధ్య టెనెసీలోని 21 కౌంటీల పొలాలు, అడవులు, ఊళ్లు అన్నీ యుద్ధరంగమే. 8 లక్షల మందికి పైగా సైనికులు ఈ నేల తొక్కి వెళ్లారు. గుట్టలు, చిన్న ఊళ్లు, వంకర దారులు పశ్చిమ ఐరోపాను పోలి ఉండటం, కంబర్లాండ్ నది జర్మనీలోని రైన్ నదికి ప్రతిగా పనికిరావడం ఈ చోటును ఎంచుకోవడానికి ముఖ్య కారణాలు. కాబట్టి మీ సైనికుడు ఆ రాత్రి దాటింది అధికారుల పటంలో రైన్ నదే అనుకోవచ్చు.

రైతుల సంగతి కూడా ఒక మాట. కంచెలు తెగేవి, గేట్లు విరిగేవి, పైర్లు ట్యాంకుల కింద నలిగేవి, వాటికి సైన్యం పరిహారం కట్టేది. అయినా ఆ ఇళ్ల ఆడవాళ్లే సైనికుల బట్టలు ఉతికి పెట్టారు, వంటింట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆపిల్ పై తొమ్మిది పంక్తులు ఆక్రమించడం నాకు వింతగా తోచలేదు.

తపాలా పెట్టె రాశారు:

కవరు దొరికిందా? దొరికితే ఒక్కసారి జాగ్రత్తగా చూసి చెప్పండి. కుడివైపు పైమూలన ఏముంది, చిరునామాలో సైనిక తపాలా సంఖ్య ఉందా, ఎక్కడైనా సెన్సార్ ముద్ర గానీ, అంచు కత్తిరించి టేపు అతికించిన గుర్తు గానీ ఉందా? నాకు హైదరాబాదులో కూర్చుని ఇలాంటి కవర్లు చూడటం ముప్పై ఏళ్ల అలవాటు. మనిషి దాచింది ఒక్కోసారి కవరు చెప్పేస్తుంది.

కంబర్లాండ్ ఒడ్డు రాశారు:

కవరు ఉంది. కుడిమూలన తపాలా బిళ్ల లేదు, చేత్తో 'ఫ్రీ' అని రాసి ఉంది. ఎడమ మూలన పంపినవాడి పేరు, హోదా, దాని కింద ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) సంఖ్య, కేరాఫ్ పోస్ట్‌మాస్టర్, నాష్‌విల్ అని ఉన్నాయి. సంఖ్య మీద నీటిమరక పడి అంకెలు అలుక్కుపోయాయి. సెన్సార్ ముద్ర లేదు, టేపు లేదు. వెనకవైపు ఇంకో చేతిరాతలో సిరాతో ఏదో సగం చెరిగి ఉంది, దాన్ని ఇంకా చదవలేకపోయాను.

తపాలా పెట్టె రాశారు:

ధన్యవాదాలు. 1942 ఏప్రిల్ నుంచి అమెరికా సైనికులు బిళ్ల అంటించకుండా మూలన 'ఫ్రీ' అని రాసి పంపుకునే హక్కు పొందారు. పెన్సిలు, కాగితం ఉంటే చాలు. విదేశాలలో ఉన్నవారి ఉత్తరాలను వారి దళాధికారులే చదివి సెన్సార్ చేసేవారు, వీ-మెయిల్ అనే పద్ధతిలో అయితే ఉత్తరాన్ని ఫిల్ము మీదికి ఎక్కించి కుదించి పంపేవారు. లక్షన్నర ఉత్తరాలకు 37 సంచులు పట్టే చోట వీ-మెయిల్‌కు ఒక్క సంచి సరిపోయేదట. కానీ స్వదేశంలో శిక్షణలో ఉన్నవారి ఉత్తరాలను సాధారణంగా ఎవరూ తెరిచేవారు కాదు. మీ కవరు మీద ముద్ర లేకపోవడం దానికి సరిపోతుంది.

నేను ఎటు వెళుతున్నానో గ్రహించే ఉంటారు. పడవ గురించి ఒక వాక్యంతో సరిపెట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ కత్తెర అతని చేతిలోదే.

పాత పిట్టూ రాశారు:

అయ్యా, నాది ప్రకాశం జిల్లా. వంతెనలు కట్టడం, మందుపాతరలు పాతడం వంటి పనులు చేసే సైనిక ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పదిహేడేళ్లు పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేశాను. చరిత్ర పుస్తకాలు ఎక్కువ చదవలేదు గానీ, ఈ ఉత్తరం రాసినవాడు నాకు బాగా తెలిసినవాడిలాగే ఉన్నాడు.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగిన కొద్ది రోజులకే మమ్మల్ని రాజస్థాన్ సరిహద్దుకు తరలించారు. ఆపరేషన్ పరాక్రమ్ అన్నది దాని పేరు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో వెనక్కి రమ్మనేదాకా పది నెలలు ఇసుకలోనే ఉన్నాము. యుద్ధం రేపో ఎల్లుండో అనుకుంటూనే ప్రతిరోజూ అభ్యాసం చేశాము. అందులో ఒక చిత్రమేమిటంటే, మొదట్లో ఉత్తుత్తి మందుపాతరలతో చేయించారు, తరువాత అవే చేతులతో అసలువి పాతించారు. పట్టుకుంటే బరువులో తేడా తెలియదు. ఈరోజు చేసేది ఏదో మాకు నేర్పే ఉస్తాద్ చెబితేనో, అతని గొంతు మారితేనో తెలిసేది.

ఆ పది నెలల్లో ఇంటికి రాసిన ఉత్తరాలన్నీ ఒకేలా ఉండేవి. నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను, డబ్బు అందిందా, గేదె ఈనిందా. చిరునామా స్థానంలో యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీవో. మా అమ్మ ఆ 56 ఏపీవో అన్నది ఒక ఊరనుకుని, అక్కడ మంచినీళ్లు ఎలా ఉంటాయని అడిగి రాయించేది. అసలు ఉత్తరాలు నేను రాసింది మా ఊళ్లో టైలరింగ్ చేసుకునే నా స్నేహితుడికి. వాడికే రాశాను, ఒక అభ్యాసంలో కాలువ దాటుతుండగా తెల్లపట్టీ కట్టుకున్న అంపైరు సాబ్ మా సెక్షన్ మొత్తం చచ్చిపోయిందన్నాడని, చచ్చినవాళ్లకే అందరికంటే ముందు టీ దొరికిందని. అమ్మకు ఆ మాట రాయగలనా? చచ్చిపోయాను అన్న మాట తమాషాకైనా ఆ ఇంటి గడప దాటకూడదు.

గడ్డివాము నిద్ర సంగతి మీరు వేళాకోళం అనుకుంటున్నారు. విన్యాసాలలో మనిషిని తినేసేది భయం కంటే నిద్రలేమే ఎక్కువ. రాత్రంతా నడిచి తెల్లవారుజామున గుంతలు తవ్వి, తవ్విన గంటకు ముందుకు కదలమంటారు. ఎందుకు తవ్వామో ఎందుకు కదిలామో సిపాయికి చెప్పరు. విడిభాగాలు కలిపి అప్పటికప్పుడు కట్టే బెయిలీ వంతెనకు వాడే ఇనుప పానెల్ ఒక్కొక్కటి 260 కిలోల బరువుంటుంది, దానిని ఆరుగురు మోస్తారు. ఎత్తే ముందు అందరూ ఒక్క ఊపిరి తీసుకోవాలి. అందులో ఒకడు నడుస్తూ నడుస్తూ నిద్రపోతే మిగతా ఐదుగురి భుజాలకు వెంటనే తెలిసిపోతుంది. నాకు అలా తెలిసింది రెండుసార్లు, మూడోసారి నేనే ఆ ఒకణ్ణి. అలాంటివాడికి రెండు గంటల గడ్డివాము దొరికితే ఒక పేజీ కాదు, పుస్తకమే రాస్తాడు.

సందేహి రాశారు:

పెద్దల అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక విరుద్ధమైన మాట చెప్పదలచాను. ఈ విన్యాసాలు ఎంతవరకు పనికొచ్చాయి? చీటీ కట్టగానే చనిపోవడం, మరునాడు లేచి కూర్చోవడం, జెండా ఊపగానే వంతెన కూలిపోయిందని లారీలన్నీ మూడు గంటలు నిలబడిపోవడం, ఖాళీ తూటాల చప్పుడు, ఇవన్నీ వీధి నాటకాన్ని తలపిస్తాయి. నాటకంలో దెబ్బ ఎటు నుంచి తగిలిందో అంపైరు చెబుతాడు, యుద్ధంలో చెప్పేవాడు ఉండడు.

ఉదాహరణకు 1944 జనవరి నుంచి మార్చి దాకా టెనెసీ విన్యాసాలలో ఉన్న 106వ పదాతి డివిజన్‌ను తీసుకోండి. అదే ఏడాది డిసెంబర్‌లో బెల్జియం, జర్మనీల సరిహద్దులో ష్నీ ఐఫెల్ గుట్టల మీద, నెమ్మదిగా ఉండే చోటని చెప్పి నిలబెట్టారు. డిసెంబర్ 16న జర్మన్ దాడి మొదలైంది. 19వ తేదీకి ఆ డివిజన్‌లోని మూడు పదాతి రెజిమెంట్లలో రెండు, 422, 423, చుట్టుముట్టబడి లొంగిపోయాయి. టెనెసీ బురదలో గడిపిన ఆ రెండు నెలలు వారికి ఏమి నేర్పినట్టు?

మన ఉత్తరం అదే నెలలది. ఇతడు ఆ డివిజన్ వాడే అయి ఉండవచ్చు కదా.

చరిత్ర మాస్టారు రాశారు:

సందేహి గారి ఉదాహరణలో ఒక లంకె జారిపోయింది. టెనెసీ బురదలో నడిచిన 106వ డివిజన్, ష్నీ ఐఫెల్ మంచులో లొంగిపోయిన 106వ డివిజన్ పేరుకు ఒకటే గానీ మనుషులు చాలావరకు వేరు. విన్యాసాలు ముగిశాక 1944 వేసవిలో ఐరోపాలో పడిపోతున్నవారి స్థానాలు నింపడానికి ఆ డివిజన్ నుంచి వేల మంది శిక్షితులను తీసుకుపోయి, వారి బదులు ఇతర విభాగాల నుంచి కొత్తవారిని పోశారు. ఒకే డేరాను సగం సగం మోసినవారు విడిపోయారు. కనుక ఆ ఓటమిని చూపించి విన్యాసాలు దండగ అనడం కంటే, కలిసి నేర్చుకున్నవారిని విడదీస్తే ఏమవుతుందో అది చూపుతుందనడం నాకు సబబుగా తోస్తుంది.

పైగా ఆ నెలల్లో అక్కడ ఉన్నది ఆ ఒక్క డివిజనే కాదు. 26వ డివిజన్, 78వ డివిజన్ కూడా ఉన్నాయి. 26వ డివిజన్ ఆ అక్టోబర్ నుంచి ఫ్రాన్స్‌లోని లొరేన్‌లో పోరాడింది. 78వ డివిజన్ సైనికులు 1945 మార్చిలో రెమాగెన్ దగ్గర రైన్ నదిని నిజంగానే దాటారు. అంకెలు అలుక్కుపోయాయి కనుక మన సైనికుడు ఎవరి వెంట వెళ్లాడో మనం తేల్చలేము. అతణ్ణి లొంగిపోయినవారిలో కలిపేయడం తొందరపాటు.

ఖాళీ తూటాల మాటకు మాత్రం నేను ఒప్పుకుంటాను. ఆ లోపం అధికారులకూ తెలుసు. లూసియానా విన్యాసాలను నడిపించి, తరువాత భూసైన్య శిక్షణ అంతటికీ పెద్దగా ఉన్న జనరల్ మెక్‌నేర్ శిక్షణలో నిజమైన గుండ్ల చప్పుడు ఉండాలని పట్టుబట్టినవాడే. ఆయన 1944 జూలై 25న నార్మండీలో ముందు వరుసలు చూడటానికి వెళ్లి, గురి తప్పిన అమెరికన్ బాంబులకే బలైపోయాడు.

వేదిక నిర్వాహకులు రాశారు:

జనరల్ ప్యాటన్ గొప్పవాడా కాదా అన్న వాదనలో పడిన నాలుగు స్పందనలను వేరే చర్చకు తరలించాము. ఇక్కడ ఉత్తరం గురించి, విన్యాసాలలో సైనికుడి రోజుల గురించి మాత్రమే రాయవలసిందిగా మనవి.

అట్లాంటా బస్సు రాశారు:

అందరూ చర్చి మెట్ల మీదుగా నడిచి వెళ్లిపోయారు గానీ, నాకు ఆ మెట్ల దగ్గరే ఆగాలనిపించింది. ఆ కాలపు అమెరికా సైన్యం రంగును బట్టి విడివిడి దళాలుగా ఉండేది. నల్లజాతి సైనికులలో ఎక్కువమందిని లారీలు నడపడానికి, దారులు వేయడానికి, సామాను దించడానికి పెట్టేవారు. దక్షిణాది రాష్ట్రాలలో వారు శిక్షణ పొందిన చోటల్లా బస్సులో వెనక సీట్లు, సినిమాహాలులో పైన మూల, విడి భోజనశాలలు ఉండేవి. శని, ఆదివారాలలో నాష్‌విల్‌కో చుట్టుపక్కల పట్టణాలకో వెళ్లిన తెల్ల సైనికుడు ఏ చర్చి నేల మీదనైనా దుప్పటి పరుచుకోవచ్చు. అదే బురదలో అదే వారం లారీ నడిపిన నల్ల సైనికుడు ముందు తన పేట ఎటు ఉందో అడిగి తెలుసుకోవాలి.

మీ ఉత్తరం రాసిన అబ్బాయిని తప్పు పట్టడానికి ఇది రాయలేదు. అతడు కూర్చున్న చోట కూర్చుని ఉత్తరం రాయలేనివారు కూడా ఆ 8 లక్షల మందిలో ఉన్నారని చెప్పడానికే రాశాను. వారు కూడా ఎక్కడో ఒక చోట కూర్చుని స్నేహితులకు రాసే ఉంటారు.

గోదారి గట్టు రాశారు:

నమస్కారం. నేను చర్చలలో చదవడమే గానీ రాయడం తక్కువ. అందరూ రాసినవాడి గురించి మాట్లాడుతున్నారు, అందుకున్నవాడిని ఎవరూ పట్టించుకోలేదు. చివరి ప్రశ్న మళ్లీ చూడండి. చెవి సంగతి ఈసారైనా వదిలేశారా అని కదా అడిగాడు. అంటే ఆ స్నేహితుణ్ణి వైద్య పరీక్షలో వెనక్కి పంపారు, బహుశా కర్ణభేరి చిల్లు కారణంగా. ఆ కాలంలో సైన్యానికి పనికిరాడని తేల్చినవారికి 4-ఎఫ్ అని వర్గం ఇచ్చేవారు. ఊళ్లో కుర్రాళ్లందరూ వెళ్లిపోయాక మిగిలిన 4-ఎఫ్ కుర్రవాడు చూడటానికి నిక్షేపంలా ఉంటే, కనిపించిన ప్రతివారికీ తాను ఎందుకు ఉండిపోయాడో చెప్పుకోవలసి వచ్చేది. చెవిలోని చిల్లు ఎవరికి కనబడుతుంది?

అలాంటివాడికి స్నేహితుడు ఏమి రాయగలడు? ఇక్కడ మేము వీరులమైపోతున్నామని రాస్తే అవతలివాడు కుంగిపోతాడు. ఇక్కడ మనుషులు మునిగిపోతున్నారని రాస్తే, నువ్వు రాకపోవడమే మేలైంది అన్నట్టు ఉంటుంది, అది అంతకంటే పెద్ద అవమానం. అందుకే అతడు తనను తాను తగ్గించుకుని చూపించాడు. నేను చేస్తున్నదల్లా కంచె దాటబోయి చచ్చిపోవడం, గడ్డివాములో గురక పెట్టడం, పరాయి ఇంట ఆపిల్ పై తినడం, నువ్వు పోగొట్టుకున్నది ఇంతేరా, అని. ఆ పేజీ అంతా స్నేహితుడి కోసం కట్టిన వేషమని నా అభిప్రాయం. పడవ వాక్యం మాత్రం వేషం మధ్యలో పొరపాటున పెదవి దాటింది. దాటాక కొట్టివేయలేదు, ఇంకొకటి కలపనూ లేదు.

మా నాన్నగారికి కంటిచూపు సరిపోక సైన్యంలో తీసుకోలేదు, ఆయన ప్రాణమిత్రుణ్ణి తీసుకున్నారు. ఆ మిత్రుడి ఉత్తరాలు మా ఇంట్లో ఉండేవి. వాటిలో ఒక్కదానిలోనూ తుపాకీ మాట లేదు, అన్నిటిలోనూ వంటవాడి మీద ఫిర్యాదులే. చిన్నప్పుడు ఆయన ఏదో హోటల్లో పనిచేస్తున్నాడనుకునేదాన్ని.

సందేహి రాశారు:

గోదారి గట్టు గారి మాట చదివాక ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చూశాను. వేషమన్నది సబబే కావచ్చు. అయితే వేషమని ఒప్పుకుంటే, విన్యాసాలలో జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఈ ఉత్తరం మంచి సాక్ష్యం కాదని కూడా ఒప్పుకోవాలి కదా. నిద్ర గురించి ఇతడు చెప్పింది నమ్మి, నది గురించి చెప్పనిది ఊహించుకుంటున్నాము.

పాత పిట్టూ రాశారు:

సందేహి గారూ, నది గురించి ఊహించుకోనక్కరలేదు. ఆ విన్యాసాలలో నది దాటుతూ మునిగిపోయినవారు, చీకట్లో వాహనాలు ఢీకొని పోయినవారు నిజంగానే ఉన్నారని మాస్టారు గారు కూడా ఒప్పుకుంటారు. చలికాలపు వరదలో, దీపం లేకుండా, వీపున మూట, కాలికి బూట్లు, చేతిలో తుపాకీతో పలుచని చెక్క పడవ ఎక్కి తెడ్డు వేయమంటే ఏమవుతుందో నీటి మీద పనిచేసినవారికి తెలుసు. పడవలో మొదటి సూత్రం మూట కట్లు వదులు చేసుకుని కూర్చోవడం, మునిగితే మూటను వదిలించుకోవాలి కదా. చలికి చేతులు కొంకర్లు పోయినవాడు ఆ కట్టు ముందే బిగించి మరిచిపోతాడు. ఏటి మధ్యలో ప్రవాహం పక్కనుంచి తోస్తే అందరూ ఒకవైపుకే ఒరుగుతారు. అది కూడా నిద్రలేమి వల్లనే. రెండు రాత్రులు మేలుకున్నవాడికి ఒరగడమొక్కటే తెలుసు.

మాకు కూడా ఒక రాత్రి ఒకడు తక్కువయ్యాడు. ఎక్కడ, ఏ పనిలో అన్నది రాయను. తెల్లవారి లెక్క తీసేటప్పుడు అతని పేరు మూడుసార్లు పిలిచారు. ఆ వారం నేను నా టైలరు స్నేహితుడికి ఉత్తరం రాశాను, అందులో లంగర్లో (మా వంటశాలలో) పప్పు నీళ్లలా ఉందని ఒకటిన్నర పేజీ ఉంది. ఆ ఉత్తరం వాడి దగ్గర ఇప్పటికీ ఉంది. నిరుడు చూపించి, ఒరేయ్ ఆ పప్పు గోల ఏమిటిరా అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కాబట్టి ఉత్తరం మంచి సాక్ష్యమా కాదా నాకు తెలియదు. అభ్యాసంలో పోయినవాడి గురించి రాయడం మాత్రం యుద్ధంలో పోయినవాడి గురించి రాయడం కంటే కష్టం. యుద్ధంలో అయితే దేనికోసం పోయాడో ఒక మాటైనా ఉంటుంది.

కంబర్లాండ్ ఒడ్డు గారూ, ఒక్కటి అడుగుతాను. అతడు ఏమైనా పంపమని అడిగాడా? స్నేహితుడికి రాసే సిపాయి ఉత్తరంలో అది లేకుండా ఉండదు. మీరు చదివి వదిలేసి ఉంటారు.

చరిత్ర మాస్టారు రాశారు:

ఒప్పుకుంటాను. అమెరికా సైన్యపు విన్యాసాలలో మరణాలు అన్నిచోట్లా ఉన్నాయి. లూసియానాలోనూ నీటిలో మునిగి, రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవారున్నారు. రాత్రిపూట లారీలకు సన్నని చీలికలాంటి దీపాలు మాత్రమే ఉండేవి. వాటి వెలుగు ముందున్న లారీ వెనకభాగం కనబడటానికి సరిపోయేది గానీ దారి కనబడటానికి సరిపోయేది కాదు. వరుసలో మొదటివాడు దారి తప్పితే వెనకవారందరూ తప్పేవారు.

కంబర్లాండ్ ఒడ్డు రాశారు:

ఆలస్యానికి మన్నించండి. ఆదివారం ఉదయం ఉత్తరం జేబులో పెట్టుకుని నది దగ్గరకు వెళ్లాను. ఇప్పుడు ఆనకట్టలు కట్టడం వల్ల నీరు నెమ్మదిగా, వెడల్పుగా ఉంది, చేపలు పట్టేవాళ్లు మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలాయనతో మాట కలిపితే, సైన్యం వచ్చినప్పుడు తన తండ్రి పొలంలో ట్యాంకు దిగబడిందనీ, దాన్ని లాగడానికి ఇంకో ట్యాంకు వచ్చి అదీ దిగబడిందనీ చెప్పాడు. ఆయనకు అప్పుడు నాలుగేళ్లట. ఆ రెండో ట్యాంకును ఏది లాగిందో మాత్రం ఆయనకు గుర్తు లేదు.

పిట్టూ గారు అడిగింది నిజమే, నేను వదిలేశాను. అంత చిన్న సంగతి చర్చకు అక్కరలేదనుకున్నాను. సంతకం కింద, కాగితం అంచున అడ్డంగా, జాగా లేక అక్షరాలు కుదించి రాశాడు. ఉన్ని మేజోళ్లు రెండు జతలు దొరికితే పంపమని, దళంలో ఇచ్చినవి తడిసి ఆరక కుళ్లిపోతున్నాయని, మా అమ్మకు చెప్పవద్దని, చెబితే ఆవిడ నాకు కాళ్లు పోయాయనుకుంటుందని.

కవరు వెనక సిరాలో ఉన్న రాతను కిటికీ వెలుగులో పెట్టి మా అమ్మాయి చదివింది. రెండే మాటలు మిగిలాయి, ముందున్నది పూర్తిగా పోయింది. 'మూడు జతలు' అని ఉంది.